నీరు పల్లమెరుగు: ప్రకృతి నియమాలూ, దేవుడి చోటూ

1

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అని మన సామెత. ప్రకృతి నియమాన్నీ దేవుణ్ణీ ఒకే గాట కట్టిన మాట ఇది. సాక్ష్యం దొరకని తగాదాలో, పెద్దమనుషులు తేల్చలేని చోట దీన్ని వాడతాం. నీటి సంగతి మనకు తెలుసు కాబట్టి దాన్ని మన లెక్కలో ఉంచుకుంటాం. తేలని సంగతిని దేవుడి ఖాతాలో రాస్తాం. తెలిసినంత మేరా నియమం, తెలియని చోట దేవుడు. ఈ పంపకం మన రచ్చబండల దగ్గర పుట్టి అక్కడే ఆగిపోయినది కాదు. ఆధునిక విజ్ఞానశాస్త్ర చరిత్రలో మూడు వందల ఏళ్ళకు పైగా నడిచిన ఒక పెద్ద వివాదం ఈ పంపకం గురించే.

ఆ వివాదాన్ని ఇప్పుడు తిరగేయడానికి కారణం ఉంది. విజ్ఞానశాస్త్రానికి హద్దులున్నాయనీ, ఆ హద్దు అవతల ఉన్నది దేవుడేననీ వాదించేవారు మనకు కొత్త కాదు. 1927లో హైసెన్‌బర్గ్ చెప్పిన అనిశ్చితత్వ సూత్రాన్ని ఆధ్యాత్మికోపన్యాసాల్లో ఎంత ధారాళంగా వాడుకుంటారో అందరూ విన్నదే. దీనికి మనవైపు నుంచి వచ్చే జవాబు కూడా దాదాపు ఖాయమైపోయింది: "హద్దులేమిటి? ఇవాళ తెలియనిది రేపు తెలుస్తుంది. నియమానికి లొంగనిది ఏదీ లేదు." ఈ రెండు వాదాలూ చరిత్ర ముందు నిలబడవని నా అభిప్రాయం. మొదటిదాన్ని ఖండించడం మనకు అలవాటే. రెండోదాన్ని కూడా పరీక్షించుకోవలసిన అవసరం ఉంది.

నేను బడిలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. గ్రహాల గణితాన్ని బోర్డు మీద విప్పి చూపించడం నా పని కాదు. అయితే ఈ వివాదం సగానికి సగం మాటల మీదా, ఉపమానాల మీదా నడిచింది. ఒక ఉపమానం ఎక్కణ్ణించి వచ్చింది, అది ఎవరి ప్రయోజనానికి పనిచేసింది అని అడగడం సాహిత్య విద్యార్థికి చేతనయిన పనే.

2

మొదట మాట సంగతి చూద్దాం. మన పాఠ్యపుస్తకాల్లో న్యూటన్ గమన నియమాలు, ఓమ్ నియమం, బాయిల్ నియమం అని చదువుకుంటాం. అవే పుస్తకాల్లో అయస్కాంత ధర్మాలు, వాయువుల ధర్మాలు అని కూడా ఉంటాయి. నియమం అంటే మన వాడుకలో వ్రతం, నిష్ఠ, కట్టుబాటు. నియమం పాటించేవాడు ఒకడు ఉంటాడు, విధించేవాడు ఇంకొకడు ఉంటాడు. ధర్మం అనే మాటకు నీతికి సంబంధించిన అర్థం ఎంత బలంగా ఉన్నా, కాల్చడం నిప్పు ధర్మం అన్నప్పుడు అది నిప్పులో ఉన్న గుణమే. ఎవరో ఆజ్ఞాపించారని ఆ మాటలో లేదు.

ఇంగ్లీషువాళ్ళ 'లా' అనే మాట శాసనం. రాజసభ నుంచీ, న్యాయస్థానం నుంచీ, మతగ్రంథం నుంచీ అది ప్రకృతిలోకి నడిచి వచ్చింది. శాసనం అనగానే శాసనకర్త ఎవరు అనే ప్రశ్న దానంతట అదే పుడుతుంది. 1644లో డెకార్ట్ తన తత్త్వగ్రంథంలో గమన నియమాలు చెప్పినప్పుడు వాటికి ఆధారంగా దేవుడి మార్పులేనితనాన్నే చూపించాడు. దేవుడు మారడు, కాబట్టి ఆయన పెట్టిన నియమమూ మారదు అన్నది ఆయన తర్కం. నిరంకుశ రాజరికాలు బలపడుతున్న కాలంలో ప్రకృతి కూడా ఒక రాజ్యంగా, పదార్థం విధేయుడైన ప్రజగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ ఉపమానంలోని బోలుతనాన్ని పట్టుకున్నవాడు నాస్తికుడు కాదు, మహా భక్తుడైన రాబర్ట్ బాయిల్. 1686లో ప్రచురించిన పుస్తకంలో ఆయన ఒక చక్కని అభ్యంతరం లేవనెత్తాడు. శాసనాన్ని పాటించాలంటే దాన్ని అర్థం చేసుకునే బుద్ధి ఉండాలి. రాయికి ఆ బుద్ధి ఎక్కడిది? కాబట్టి పదార్థం విషయంలో 'లా' అనే మాట అలంకారమే అన్నాడు. మన సామెతలో నీరు పల్లాన్ని "ఎరగడం" కూడా ఇలాంటి అలంకారమే. నీటికి ఎరుక లేదు. భూమి లాగుతుంది, నీరు జారుతుంది. అలంకారం మంచిదే. కానీ అలంకారాన్ని సాక్షిగా బోనెక్కించి, నియమం ఉంది కాబట్టి నియామకుడున్నాడు అని తీర్పు రాబట్టడం తర్కం కాదు. ఈ తేడా మన విద్యార్థులకు రూపకాలంకారం చెప్పేటప్పుడు చూపించదగినది.

3

బాయిల్ 1691లో చనిపోతూ, క్రైస్తవ మతాన్ని అవిశ్వాసుల నుంచి సమర్థించే ఉపన్యాసాల కోసం తన వీలునామాలో డబ్బు కేటాయించాడు. 1692లో ఆ మొదటి ఉపన్యాసాలు ఇచ్చినవాడు రిచర్డ్ బెంట్లీ అనే మతాచార్యుడు. న్యూటన్ 'ప్రిన్సిపియా' వెలువడి అప్పటికి అయిదేళ్ళే అయింది. ఉపన్యాసాల్ని అచ్చుకు సిద్ధం చేస్తూ బెంట్లీ న్యూటన్‌కు ఉత్తరాలు రాశాడు. న్యూటన్ నాలుగు ఉత్తరాల్లో సంతోషంగా జవాబిచ్చాడు. గురుత్వాకర్షణ గ్రహాల్ని కక్ష్యలో ఉంచుతుంది, సరే. కానీ ఆ గ్రహాలన్నీ ఒకే దిశలో, దాదాపు ఒకే తలంలో, సరిగ్గా తగినంత వేగంతో తిరగడం మొదలుపెట్టాలంటే ఒక తెలివైన చెయ్యి ఉండాలని ఆయన వాదం.

ఇది ఆరంభం గురించి. తర్వాత న్యూటన్ ఇంకో అడుగు వేశాడు. గ్రహాల్ని సూర్యుడొక్కడే లాగడు, అవి ఒకదాన్నొకటి కూడా లాగుకుంటాయి. ఆ చిన్న చిన్న లాగుళ్ళు యుగాల తరబడి పోగుపడితే ఏమవుతుంది? 1706లో వచ్చిన 'ఆప్టిక్స్' లాటిన్ కూర్పు చివరి ప్రశ్నల్లో ఆయన జవాబు ఉంది. తోకచుక్కల వల్లా గ్రహాల పరస్పరాకర్షణ వల్లా ఆ క్రమంలో అపసవ్యాలు పెరుగుతూ పోతాయి. చివరికి ఈ ఏర్పాటుకు మరమ్మతు అవసరమవుతుంది అన్నాడు. మరమ్మతు చేసేవాడెవరో వేరే చెప్పనక్కరలేదు.

1715 నవంబరులో జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ వేల్స్ యువరాణి కరోలిన్‌కు రాసిన ఉత్తరంలో దీన్ని ఎద్దేవా చేశాడు. న్యూటన్ దేవుడు తన గడియారానికి అప్పుడప్పుడూ కీ ఇచ్చుకోవలసిన పనివాడని ఆయన ఆక్షేపణ. నిజంగా నేర్పరి అయిన దేవుడు చేసిన యంత్రం తర్వాతి మరమ్మతు లేకుండానే నడవాలి అన్నాడు. న్యూటన్ తరపున శామ్యూల్ క్లార్క్ అనే మతాధికారి జవాబిచ్చాడు. ఇద్దరి మధ్యా అయిదేసి ఉత్తరాలు నడిచాయి. 1716 నవంబరులో లైబ్నిజ్ మరణంతో ఆ వాదం ఆగింది.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది క్లార్క్ ఇచ్చిన ఉపమానం. ఒక రాజ్యం రాజు పట్టించుకోకపోయినా దానంతట అది నడుస్తుందంటే, ఆ రాజు పేరుకే రాజు అన్నాడు. అలా చెప్పేవాళ్ళు రాజును మెల్లగా పక్కకు తప్పించదలిచారని అనుమానించవచ్చు అన్నాడు. కాలాన్ని గమనించాలి. ఇంగ్లండులో పార్లమెంటు ఒక రాజును దించి ఇంకొకరిని తెచ్చుకున్న 1688 విప్లవం ఇంకా జ్ఞాపకాల్లో ఉంది. 1714లో హానోవర్ వంశం సింహాసనానికి వచ్చి ఏడాది దాటింది. కరోలిన్ ఆ వంశపు కోడలు. లైబ్నిజ్ హానోవర్ కొలువులో ఉద్యోగి. గ్రహాల దారి గురించిన చర్చలో రాజుకు ఎంత పని ఉండాలి అనే చర్చ కలిసిపోయి ఉంది. దేవుడి రూపం గురించి మాట్లాడుతున్నామనుకుంటూనే మనుషులు తమ ప్రభుత్వం గురించి మాట్లాడుకున్నారు.

అయితే ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. గణితపరంగా చూస్తే ప్రశ్న అడిగినవాడు న్యూటనే. లైబ్నిజ్ యంత్రం చక్కగా నడిచి తీరాలన్నాడే గాని, అది నడుస్తుందో లేదో లెక్క వేసి చూపలేదు. న్యూటన్ తన నియమాన్ని తానే శంకించి, అది ఎంతదాకా భరోసా ఇస్తుందని అడిగాడు. ఆ ప్రశ్న శాస్త్రం. లెక్క తెగని చోట దేవుణ్ణి నిలబెట్టడమే మతం. ఈ రెండింటినీ విడదీయకపోతే మనం న్యూటన్‌కు అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

4

న్యూటన్ భయానికి ఆధారం ఆకాశంలోనే కనిపిస్తోంది. పాత పరిశీలనల్నీ కొత్తవాటినీ పోల్చి చూసిన హాలీ, బృహస్పతి క్రమంగా వేగం పుంజుకుంటోందనీ, శని మందగిస్తోందనీ గుర్తించాడు. ఇదే ధోరణి ఆగకుండా సాగితే బృహస్పతి సూర్యుడివైపు జరగాలి, శని దూరంగా వెళ్ళిపోవాలి.

ఈ ముడి విప్పినవాడు లాప్లాస్. 1749లో నార్మండీ పల్లెలో సామాన్య కుటుంబంలో పుట్టాడు. మతాధికారి కావాలని తండ్రి కాన్ పట్టణంలో చదువుకు పంపితే, అక్కడ గణితం వైపు మళ్ళాడు. 1785లో ఆయన తేల్చినది ఇది. బృహస్పతి సూర్యుణ్ణి చుట్టి రావడానికి 12 ఏళ్ళకు కొంచెం తక్కువ పడుతుంది, శనికి 29న్నర ఏళ్ళు. అంటే బృహస్పతి అయిదు చుట్లు తిరిగేసరికి శని దాదాపు రెండు చుట్లు తిరుగుతుంది. అందువల్ల రెండూ ఇంచుమించు ఒకే చోట్ల మళ్ళీ మళ్ళీ ఎదురుపడి ఒకదాన్నొకటి లాగుకుంటాయి. ఊయలను ప్రతిసారీ ఒకే అదనులో కొద్దిగా తోస్తే ఊపు పెరిగినట్టు, ఆ చిన్న లాగుళ్ళు పోగుపడతాయి. కానీ అయిదుకు రెండు అనే లెక్క కచ్చితం కాదు, కొంచెం తేడా ఉంది. ఆ తేడా వల్ల ఎదురుపడే చోటు మెల్లగా జరుగుతూ, సుమారు 900 ఏళ్ళకు ఒక ఆవృత్తి పూర్తవుతుంది. ఇప్పుడు వేగం పెరిగే గ్రహం రేపు మందగిస్తుంది, మందగించేది పుంజుకుంటుంది. అపసవ్యం అనుకున్నది గురుత్వాకర్షణ నియమానికి మినహాయింపు కాదు, ఆ నియమం పనితీరే. మరమ్మతు చేసేవాడి అవసరం అంతమేరకు తప్పింది.

లాప్లాస్ పేరు చెప్పగానే మన హేతువాద పుస్తకాల్లో తప్పకుండా వచ్చే కథ ఒకటుంది. మీ గ్రంథంలో దేవుడి ప్రస్తావన లేదేమని నెపోలియన్ అడిగాడనీ, ఆ ప్రతిపాదన నాకు అవసరం పడలేదని లాప్లాస్ అన్నాడనీ. మాట బాగుంది. కానీ విమర్శకుడు ప్రతిపాఠాలు చూడాలి. అప్పటి సంభాషణకు దొరికే ప్రత్యక్ష సాక్ష్యం ఖగోళవేత్త విలియం హెర్షెల్ డైరీ. 1802 ఆగస్టు 8న మాల్మెజాన్ భవనంలో ఆ ముగ్గురూ మాట్లాడుకున్నారు. ఆకాశపు విస్తృతి గురించి మాట వచ్చి, ఇదంతా చేసినవాడెవరని నెపోలియన్ అడిగాడు. ప్రకృతి కారణాల గొలుసుతోనే ఈ ఏర్పాటు నిర్మాణాన్నీ మనుగడనూ వివరించవచ్చని లాప్లాస్ చెప్పబోయాడు. నెపోలియన్ ఒప్పుకోలేదు. హెర్షెల్ రాసుకున్నది ఇంతే. ఆ ప్రసిద్ధ వాక్యం అందులో లేదు. అది తర్వాతి తరాల చేతుల్లో పదునెక్కింది. లాప్లాస్ కాదన్నది దేవుణ్ణి కాదనీ, గ్రహాల్ని సరిదిద్దడానికి దేవుడు మధ్యలో కలగజేసుకోవాలన్న న్యూటన్ ఊహనే అనీ 1884లో ఫే అనే ఫ్రెంచి ఖగోళవేత్త వివరించాడు.

వాక్యం పోయినా సంఘటన విలువ పోలేదు, పైగా పెరిగిందంటాను. తేదీలు చూడండి. విప్లవం తర్వాత తెగిపోయిన మతసంబంధాన్ని నెపోలియన్ 1801లో పోపుతో ఒడంబడిక చేసుకుని అతికించాడు. 1802 ఏప్రిల్ 18న, ఈస్టర్ నాడు, పారిస్ నోత్రదామ్‌లో దానికి వేడుక జరిగింది. మాల్మెజాన్ సంభాషణ ఆ తర్వాత నాలుగు నెలలకు. రాజ్యం నడపడానికి దేవుడు కావలసి వచ్చిన పాలకుడు, గ్రహాలు నడపడానికి దేవుడు అక్కరలేదన్న గణితవేత్తతో వాదిస్తున్నాడు. ఎవరి అవసరం ఏమిటో ఆ దృశ్యంలో స్పష్టంగా కనిపిస్తుంది. అలాగని లాప్లాస్‌ను తిరుగుబాటుదారుగా ఊహించుకోనక్కరలేదు. 1799లో నెపోలియన్ కొలువులో ఆరు వారాలు హోంమంత్రిగా పనిచేసినవాడే ఆయన. రాచరికం తిరిగొచ్చాక మార్క్విస్ బిరుదు కూడా అందుకున్నాడు.

1814లో లాప్లాస్ ఇంకా పెద్ద మాట అన్నాడు. ఒకానొక క్షణంలో ప్రకృతిలోని బలాలన్నీ, వస్తువుల స్థానాలన్నీ తెలిసిన ఒక బుద్ధి ఉందనుకుంటే, దానికి భవిష్యత్తూ గతమూ అరచేతిలో ఉసిరికాయ అన్నాడు. జాగ్రత్తగా చూస్తే ఇదేమిటి? సర్వజ్ఞుడైన దేవుడి వర్ణన. మరమ్మతు చేసే దేవుణ్ణి వాకిట్లోంచి పంపించి, అన్నీ తెలిసిన దేవుణ్ణి గణితం పేరుతో పెరటి గుమ్మంలోంచి లోపలికి తెచ్చుకున్నట్టు అయింది.

5

హద్దు గీయడం భావవాదులొక్కరే చేసే పని కాదు. అనుభవవాదానికి గురువనదగిన ఆగస్ట్ కామ్టే 1835లో ఒక గీత గీశాడు. నక్షత్రాల ఆకారం, దూరం, కదలిక మనకు తెలియవచ్చు గాని, అవి ఏ పదార్థాలతో అయినవో మనిషికి ఎన్నటికీ తెలియదన్నాడు. అక్కడికి వెళ్ళి ముక్క తెచ్చుకోలేం కదా అన్నది ఆయన తర్కం. ఆయన 1857లో చనిపోయాడు. 1859లో జర్మనీలో కిర్కాఫ్, బన్సెన్‌లు వెలుగును పట్టకంతో విడదీసి, అందులోని గీతల్ని బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే దారి కనిపెట్టారు.

ఈ కథలో తర్వాతి అధ్యాయం జరిగింది మన గుంటూరులో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి పియరీ జాన్సెన్ గుంటూరు వచ్చి పరికరాలు బిగించుకున్నాడు. బ్రిటిష్ బృందంతో టెనెంట్ కూడా గుంటూరులోనే ఉన్నాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో, అదే అబ్జర్వేటరీ ఉద్యోగి చింతామణి రఘునాథాచారి వనపర్తిలో గ్రహణాన్ని పరిశీలించారు. సూర్యబింబం అంచున ఎగసే జ్వాలల వెలుగును విడదీసి చూస్తే హైడ్రోజన్ గీతలు కనిపించాయి. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడు గుంటూరులోనే చూశాడు కూడా. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ వేరుగా అదే పద్ధతి సాధించాడు. ఆ వెలుగులోని ఒక పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దానికి సూర్యుడి పేరు మీద హీలియం అని పేరు పెట్టారు. 1895లో రామ్సే దాన్ని భూమి మీద ఒక ఖనిజంలో పట్టుకున్నాడు. ఎన్నటికీ తెలియదన్నది 33 ఏళ్ళలో తెలియడం మొదలైంది. సూర్యుడిలో ముందు తెలిసి, తర్వాత భూమి మీద దొరికింది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. గ్రహణం ఎప్పుడో ముందే లెక్కగట్టడం మన పంచాంగకర్తలకు కొత్త విద్య కాదు. గ్రహణం నీడల వల్ల వస్తుందని ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతంలోనే చెప్పాడు. 628లో బ్రహ్మగుప్తుడు ఆ నీడల లెక్కతోనే గణితం చేస్తూ, రాహువు లేడన్నవారిని మాత్రం శ్రుతిస్మృతుల పేరిట మందలించాడు. పదకొండో శతాబ్దంలో మన దేశం మీద గ్రంథం రాసిన అల్‌బిరూనీ ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపాడు. నియమం తెలియడం ఒక ఎత్తు, ఆ నియమాన్ని నోరు తెరిచి చెప్పగల సామాజిక పరిస్థితి ఇంకొక ఎత్తు. రాహువు ఆకాశంలో లేకపోయినా సమాజంలో ఉన్నాడు. ఆయన్ని లెక్కలు ఒక్కటే కదిలించలేవు.

హద్దు గీసిన కామ్టే తన చివరి రోజుల్లో మానవతా మతం అని ఒక మతాన్నే స్థాపించి, దానికి పండుగల పట్టికా పూజావిధానమూ ఏర్పరచాడు. దేవుణ్ణి తీసివేసిన పీఠాన్ని అలాగే ఉంచేస్తే దాని మీద ఇంకేదో వచ్చి కూర్చుంటుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

6

ఇక నియమాలకు నిజంగా ఉన్న హద్దుల సంగతి. అవి ఉన్నాయి. వాటిని దాచిపెట్టడం మనకు గౌరవం కాదు.

1846లో యురేనస్ దారి తప్పుతున్నట్టు కనబడితే, న్యూటన్ నియమాన్ని నమ్మి లె వెరియర్ లెక్కవేసి, కనిపించని గ్రహం ఫలానా చోట ఉండాలన్నాడు. బెర్లిన్‌లో దుర్భిణి తిప్పి చూస్తే నెప్ట్యూన్ దొరికింది. 1859లో అదే లె వెరియర్‌కు బుధుడి కక్ష్యలో చిన్న తేడా కనిపించింది. మళ్ళీ అదే పద్ధతిలో సూర్యుడికి దగ్గరలో ఇంకొక గ్రహం ఉండాలన్నాడు. వల్కన్ అని పేరు కూడా పెట్టారు. ఏళ్ళ తరబడి వెదికినా అది దొరకలేదు, ఎందుకంటే అది లేదు. శతాబ్దానికి 43 వికలల ఆ తేడాను 1915 నవంబరులో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం వివరించింది. ఒకే మనిషి, ఒకే నియమం, ఒకే పద్ధతి. ఒకసారి గెలిచింది, ఒకసారి హద్దు తగిలింది. హద్దు తగిలిన చోట తేలినది ఇంకా లోతైన నియమం. న్యూటన్ నియమం రద్దు కాలేదు. అది ఎక్కడిదాకా చెల్లుతుందో తెలిసింది. ఇప్పటికీ అంతరిక్ష నౌకల దారుల లెక్కల్లో ఎక్కువ భాగం దాని మీదే నడుస్తుంది.

రెండో హద్దు ఇంతకన్నా లోతైనది. లాప్లాస్ తన లెక్కల్లో చిన్నవిగా తోచిన పదాల్ని వదిలేశాడు. అవి కలిపితే గ్రహవ్యవస్థ నిలకడ శాశ్వతమేనా? ఈ రకం ప్రశ్నకు స్వీడన్ రాజు ఆస్కార్ 60వ పుట్టినరోజు సందర్భంగా బహుమతి ప్రకటించారు. 1889 జనవరిలో అది ఫ్రెంచి గణితవేత్త పాయింకారేకు వచ్చింది. వ్యాసం అచ్చవుతుండగా అందులో ఒక పెద్ద పొరపాటు బయటపడింది. అచ్చయిన ప్రతుల్ని వెనక్కి తెప్పించి, మళ్ళీ అచ్చు వేయించడానికి ఆయన చెల్లించిన ఖర్చు బహుమతి సొమ్మును మించిపోయింది. కానీ ఆ దిద్దుబాటులోనే అసలు ఆవిష్కరణ ఉంది. మూడు వస్తువులు ఒకదాన్నొకటి లాగుకుంటే, నియమం పూర్తిగా తెలిసినా, మొదట్లో ఉన్న అణుమాత్రపు తేడా తర్వాత కొండంత కావచ్చు. నియమం ఉంది, జోస్యం లేదు.

1989లో జాక్ లాస్కర్ కంప్యూటర్ మీద గ్రహాల కదలికను లెక్కవేసి దీన్ని మన సౌరకుటుంబానికే చూపించాడు. ఈరోజు భూమి ఉన్న చోటును 15 మీటర్ల తేడాతో కొలిచామనుకుందాం. కోటి సంవత్సరాల తర్వాత ఆ తేడా 150 మీటర్లే. పది కోట్ల సంవత్సరాలకు 15 కోట్ల కిలోమీటర్లు, అంటే భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్నంత దూరం. 2009లో లాస్కర్, గాస్టినో కలిసి మొదటి స్థితిలో అతి స్వల్పమైన తేడాలు పెట్టి 2,501 లెక్కలు నడిపారు. సుమారు నూటికి ఒక లెక్కలో, రానున్న 500 కోట్ల సంవత్సరాల లోపు బుధుడి కక్ష్య బాగా సాగిపోయింది. అలా సాగితే గ్రహాలు ఢీకొనే అవకాశం కూడా ఉంటుంది.

అంటే న్యూటన్ అనుమానం నిజమే. ఏర్పాటు చెదిరిపోవచ్చు. లైబ్నిజ్ చెప్పిన పరిపూర్ణ యంత్రం లేదు. లాప్లాస్ ఊహించిన సర్వజ్ఞ బుద్ధి మనుషులెవరికీ అందదు. మరి దేవుడు తిరిగి వచ్చినట్టేనా? రాలేదు. ఈ హద్దును కనిపెట్టింది ధ్యానంలో కూర్చున్నవారు కాదు. అదే నియమాన్ని పట్టుకుని చివరిదాకా లెక్కవేసినవారు. ఎంత చూపు మేర తెలుస్తుందో, ఎక్కడ తెలియదో, ఎందుకు తెలియదో అంకెలతో చెప్పగలగడం అజ్ఞానం కాదు. అది జ్ఞానంలో ఒక భాగం.

7

నియమాల హద్దును దేవుడి చిరునామాగా రాసుకోవడం భక్తులకే నష్టమని గుర్తించిన భక్తుడు ఒకడున్నాడు. హిట్లర్‌ను ఎదిరించి జైలు పాలైన జర్మన్ మతాచార్యుడు డీట్రిక్ బోన్‌హోఫర్, 1944 మేలో బెర్లిన్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో, మన తెలివికి ఉన్న సందులు పూడ్చడానికి దేవుణ్ణి వాడుకోవడాన్ని నిరాకరించాడు. జ్ఞానం పెరిగినకొద్దీ అలాంటి దేవుడు వెనక్కి వెనక్కి జరుగుతూనే ఉంటాడని ఆయన గ్రహింపు. 1945 ఏప్రిల్‌లో నాజీలు ఆయన్ని ఉరితీశారు. ఆయన విశ్వాసంతో మనకు ఏకీభావం ఉండనక్కరలేదు. కానీ అజ్ఞానాన్ని సాక్ష్యంగా చూపడానికి ఒప్పుకోని ఆ నిజాయితీ మనది కూడా కావాలి.

ఎందుకంటే మనవైపు కూడా సందులు పూడ్చే పని జరుగుతోంది. చరిత్ర నియమం అనే మాట మన కథల్లో, కవితల్లో, విమర్శలో ఎలా వాడుతున్నామో చూడండి. పాత్రలు ఏ నిర్ణయమూ తీసుకోకముందే ముగింపు ఖాయమైపోతుంది. ఓడిపోయిన సమ్మె చివర, ఎందుకు ఓడిపోయిందో చెప్పకుండానే తూరుపు ఎర్రబడుతుంది. రేపు మనదే అన్నది పోరాడేవాడి సంకల్పంగా వస్తే అందులో ప్రాణం ఉంటుంది. నియమం కాబట్టి రేపు మనదే అంటే అది నొసటి రాతకు ఎర్రరంగు పూయడమే. విధి రాసిందని ఊరుకున్న పాత పాత్రకూ, చరిత్ర రాసిందని ఊరుకున్న కొత్త పాత్రకూ తేడా చూపించలేని రచన భౌతికవాద రచన కాలేదు. మూడు వస్తువుల కదలికకే ముందుగా జోస్యం చెప్పలేని చోట, కోట్ల మనుషుల కదలికకు తేదీ వేసి చెప్పగలమనుకోవడం లాప్లాస్ బుద్ధిని మనకు మనమే ప్రసాదించుకోవడం.

దీనర్థం నియమాలు లేవని కాదు. నీరు పల్లానికే పోతుంది, సందేహం లేదు. ఏ పల్లానికి పోతుందన్నది గట్టు ఎవరు వేశారు, కాలువ ఎవరు తవ్వారు అన్నదాని మీద కూడా ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక, 1850ల నుంచి, గోదావరి నీరు కాలువలవెంట డెల్టా పొలాల్లోకి మళ్ళింది. గురుత్వాకర్షణ నియమం ఒక్క అక్షరం మారలేదు. ఆ నియమం తెలిసినవాళ్ళు, రాళ్ళు మోసినవాళ్ళు కలిసి నీటికి కొత్త పల్లం చూపించారు. ఆ నీరు ఎవరి చేలకు ముందు అందింది, ఎవరి చేలకు చివరన అందింది అనే లెక్క మాత్రం గురుత్వాకర్షణ తేల్చేది కాదు, దేవుడు తేల్చేదీ కాదు. అక్కడ రచయితకు పని ఉంది.